ఫట్‌ఫటీ పొగగొట్టము కథ

సంధ్యాదీపము పెట్టిన తరువాత మాక్లూర్‌లో ఇంటి అరుగు మీద కూర్చొని రేడియో వినుట మాకు చిరకాలపు అలవాటు. ఆ అలవాటుతో పాటు మరొక అనుభవము కూడ తప్పేది కాదు. వార్తలు చదువుచుండగనే నిజామాబాదు వైపు నుండి ఒక మోటారు సైకిలు వచ్చును. అది మా వాకిటి ముందుకు రాకమునుపే రేడియోలో గరగర మొదలయ్యేది. బండిలోని స్పార్కు ప్లగ్గు వేయు ప్రతి నిప్పురవ్వ ఒక చిన్న రేడియో తరంగమును పుట్టించుటయే దానికి కారణము. నేటి ప్లగ్గులలో ఆ తరంగమును అణచు నిరోధకమున్నది. నేటి ఎఫ్.ఎం. ప్రసారమును కూడ ఆ గరగర అంతగా బాధింపదు. ఆ చిక్కు తీరినది. కాని దాని స్థానములో మరొక చిక్కు వచ్చినది. ఇప్పుడు రేడియో శుభ్రముగనే పలుకుచున్నది. దాని పలుకు మన చెవిని చేరనీయక బండి వెనుకనున్న గొట్టమే అరచుచున్నది.

ఇటీవల మా బంధువుల పిల్లవాడొకడు వచ్చి, "కాకా, నా బులెట్టుకు వేరే సైలెన్సర్ ఏపిద్దామనుకుంటున్న. ఏది మంచిదో జెర చెప్పు" అని అడిగినాడు. దుబాయిలో పని చేయుచున్న అన్న పంపిన డబ్బు చేతిలో ఉన్నది. కంపెనీ వారు ఇచ్చిన గొట్టము వానికి మూగదానివలె తోచినది. మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న చూచుటకు చిన్నదే గాని, దాని వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిసినవానికి జవాబు తనంతట తానే దొరకునని మా నమ్మకము. ఆ పిల్లవానికి చెప్పిన మాటలనే కొంచెము విస్తరించి ఈ ప్రసంగములో చెప్పుచున్నాము.

మొదట ఆ గొట్టము చేయు పని ఏమో చూతము. ఇంజనులోని సిలిండరులో పెట్రోలు ఆవిరి గాలితో కలిసి భగ్గున మండును. ఆ మంట పిస్టనును త్రోసి తన పని ముగించుకొన్న తరువాత కూడ వాయువులో చాల వేడి, చాల ఒత్తిడి మిగిలియే ఉండును. వాల్వు తెరచుకొన్న క్షణములో అది ఒక్కసారిగా బయటికి దూకును. ఫిరంగి నోటినుండి వెలువడు శబ్దమునకు, దీనికి జాతిభేదము లేదు, పరిమాణభేదమే. నాలుగు స్ట్రోకుల బండిలో ఇరుసు రెండు చుట్లు తిరిగినపుడు ఒక పేలుడు కలుగును. నిలిచియున్న బులెట్టు ఇంజను నిమిషమునకు సుమారు 1,000 చుట్లు తిరుగుచున్నదనుకొన్నచో 500 పేలుళ్ళు, అనగా సెకనుకు 8 మాత్రమే. వానిని మన చెవి విడివిడిగా పట్టుకొనగలదు. ఆ బండి చప్పుడు డప్పు దరువు వలె వినిపించుటకు ఇదియే రహస్యము. రెండు స్ట్రోకుల బండిలో ప్రతి చుట్టునకు ఒక పేలుడున్నది. యమహా ఆర్‌ఎక్స్ 100 తన పూర్తి బలము చూపు 7,500 చుట్ల వద్ద సెకనుకు 125 పేలుళ్ళు జరుగును. ఇక చెవి లెక్కపెట్టలేదు. అన్నియు కలిసి తెగని ఒకే స్వరమగును. బండ్ల గొంతులలోని తేడా చాలవరకు ఇట్టి లెక్కలలోనే ఉన్నది.

జర్మనీలో డైమ్లరు, మేబాకు అను ఇద్దరు 1885లో కొయ్య చట్రమునకు పెట్రోలు ఇంజను బిగించి నడిపిన బండిని మోటారు సైకిళ్ళకు మూలపురుషునిగా చెప్పుదురు. అమ్మకమునకు పెద్ద సంఖ్యలో తయారైన మొదటి మోటారు సైకిలు 1894లో అక్కడనే వెలువడిన హిల్డెబ్రాండ్–వుల్ఫ్‌ముల్లర్ వారిది. అమెరికాలో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అను సోదరులు ఇంజను చప్పుడు తగ్గించు పాత్రకు 1897లో పేటెంటు పొందినారు. మోటారు బండి ఇంకను బాల్యము దాటక మునుపే దాని నోటికి మూత వేయవలసిన అవసరము జనులకు తోచినదన్న మాట. దారిని పోవు గుఱ్ఱములు బెదరి బండ్లను బోర్లవేయుచున్న కాలమది.

అయితే మూతతో పాటు దానిని తప్పించుకొను ఉపాయము కూడ పుట్టినది. తొలినాటి బండ్లలో కొన్నింటికి కట్‌అవుట్ అను ఒక చిన్న తలుపుండేది. దానిని తెరచినచో పొగ సైలెన్సరులోనికి పోక నేరుగా బయటపడును. ఊరిలో మూయవలెను, ఊరు దాటి మెరక ఎక్కునపుడు తెరువవలెను అని దాని ఉద్దేశము. మనుష్య స్వభావము ఎక్కడనైనను ఒక్కటే కదా! ఊరి నడుమనే తెరచువారు ఎక్కువైనారు. తుదకు పలు దేశముల ప్రభుత్వములు ఆ తలుపును నిషేధింపవలసి వచ్చినది. నేడు మన బజారులలో "డీబీ కిల్లర్" అను పేర, మర విప్పి తీసివేయుటకు వీలైన ముక్కతో వచ్చు గొట్టములను చూచినపుడెల్ల మాకు ఆ పాత తలుపే జ్ఞాపకమునకు వచ్చుచుండును.

ఇంగ్లాండులో 1907లో తెరచిన బ్రూక్‌లాండ్స్ పందెపు బాట ఈ చరిత్రలో ఒక పెద్ద మలుపు. పందెపు బండ్ల రొదను భరింపలేక చుట్టుపట్ల నివసించువారు న్యాయస్థానముల వరకు పోయినారు. 1920ల దశకములో అక్కడ పరుగెత్తు బండ్లకు నిర్ణీతమైన పెద్ద డబ్బా వంటి సైలెన్సరు తప్పనిసరి అయినది. దానికి బ్రూక్‌లాండ్స్ డబ్బా అనియే పేరు నిలిచిపోయినది. ఆ డబ్బాతోనే పందెగాండ్రు రికార్డులు సాధించుచు వచ్చినారు. దీనివలన ఒక సత్యము తేలినది. గొట్టమునకు తగినంత చోటునిచ్చి లోపలి గదులను తెలివిగా అమర్చినచో శబ్దమును అణచుటకు బలమును బలి ఈయనక్కరలేదు. అరచు బండియే బలమైన బండి అను భ్రమ ఆనాటికే చెడిపోవలసినది. కాని అది మొండిది, ఇప్పటికిని చావలేదు.

మన దేశమునకు మొదట వచ్చినవి విదేశపు బండ్లు. స్వాతంత్ర్యము తరువాత 1955లో మద్రాసు మోటార్సు వారును, ఇంగ్లాండులోని రాయల్ ఎన్‌ఫీల్డు వారును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను స్థాపించినారు. మద్రాసు ప్రక్కనున్న తిరువొట్టియూరులో బులెట్టు తయారీ సాగినది. మైసూరులో ఐడియల్ జావా కర్మాగారము 1961 నుండి జెకోస్లొవేకియా నమూనా బండ్లను చేసినది. ఎస్కార్ట్స్ వారి రాజదూత్ 1962లో వచ్చినది. ఒక్కొక్క బండికి ఒక్కొక్క గొంతు. బులెట్టుది ఆగి ఆగి పలుకు బొంగురు గొంతు. జావాకు సిలిండరు ఒక్కటే అయినను గొట్టములు రెండు. రెండువైపుల చేప ఆకారమున సాగి మధురముగా పలికేవి.

ఆ బండ్లు మా ప్రాంతమునకు వచ్చునాటికి ఇక్కడి నేల రూపురేఖలు కూడ మారియున్నవి. 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరు నుండి మంజీర నీరు కాలువలలో పారుచున్నది. 1930ల చివర బోధనులో నిజాం చక్కెర కర్మాగారము లేచినది. చెరకు ఉన్నచోటికి బండ్లు వచ్చినవి, బండ్లు తిరుగుటకు బాటలు పడినవి. అయినను ఊళ్ళలో మోటారు సైకిలు అపురూపమే. దాని చప్పుడును బట్టియే తెలంగాణలో దానికి "ఫట్‌ఫటీ" అని పేరు పెట్టినారు. యజమాని పేరును బట్టి గాక, గొంతును బట్టి నామకరణము పొందిన వాహనమది! ఎడ్ల మెడలోని గంటలు తప్ప వేరు చప్పుడెరుగని బాట మీద ఆ శబ్దము ఒక వార్త. అది విని పిల్లలు వాకిళ్ళలోనికి పరుగెత్తేవారు. ఊరికొక ఫట్‌ఫటీ ఉన్న రోజులలో అది వేడుక. ఇంటికి రెండేసి ఉన్న రోజులలో అదే శబ్దము వేడుకగా ఎట్లుండగలదు? మా కథలోని చిక్కుముడి అంతయు ఇక్కడనే ఉన్నది.

ఇక గొట్టమునకు సంబంధించిన విజ్ఞానములో అన్నిటికంటె ఆశ్చర్యకరమైన ఘట్టము తూర్పు జర్మనీలో జరిగినది. షోపావు పట్టణములో ఎం.జెడ్. అను మోటారు సైకిళ్ళ సంస్థలో వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు 1950ల దశకములో రెండు స్ట్రోకుల ఇంజను మీద పని చేసినాడు. ఆ ఇంజనులో ఒక లోపమున్నది. పొగ బయటికి పోవు ద్వారము, క్రొత్త పెట్రోలు–గాలి మిశ్రమము లోనికి వచ్చు ద్వారము కొంతసేపు రెండును తెరచియుండును. అందువలన మండని మిశ్రమము కూడ కొంత పొగతో పాటు బయటికి జారిపోవును. దానిని ఆపుటకు వాల్వు లేదు. కాడెన్ ఆ పనిని శబ్దము చేతనే చేయించినాడు.

పేలుడు వలన పుట్టిన ఒత్తిడి తరంగము గొట్టములో పరుగెత్తును. గొట్టము గరాటు వలె వెడల్పగు చోట దానిలో కొంత భాగము పీల్చు తరంగముగా వెనుకకు వచ్చి సిలిండరులోని పొగను బయటికి లాగును. అటుపై గొట్టము తిరిగి సన్నబడు చోట మిగిలిన తరంగము గోడకు తగిలిన బంతివలె త్రోయు తరంగమై తిరిగివచ్చి, జారిపోయిన క్రొత్త మిశ్రమమును ద్వారము మూసుకొను లోపల మరల సిలిండరులోనికి నెట్టును. ఇదంతయు సెకనులో కొన్ని వేల వంతుల కాలములో జరుగును. గొట్టము పొడవు కొన్ని అంగుళములు మారినను తరంగము వేళకు రాదు. ఇట్టి సూత్రము కొంత అంతకుముందే జర్మనీలో తెలిసినదే అయినను, దానిని పందెములో గెలుచు విద్యగా మార్చినవాడు కాడెన్. 1961 నాటికి అతని 125 సి.సి. ఇంజను 25 అశ్వశక్తిని ఇచ్చినది; లీటరు లెక్కన చూచినచో 200. ఆ ఏడే అతని పందెగాడు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడను పందెమునకు వచ్చి, తిరిగి స్వదేశమునకు పోక పశ్చిమమునకు దాటి జపానులోని సుజుకీ వారిని చేరినాడు. మరుసటి ఏడు, 1962లో, డెగ్నర్ సుజుకీ బండి మీద 50 సి.సి. ప్రపంచ విజేత అయినాడు. ఒక పొగగొట్టపు రహస్యము దేశముల సరిహద్దులు దాటినది!

ఆ విద్య జపాను బండ్ల మార్గమున మన ఊళ్ళకు కూడ వచ్చినది. 1983లో రాజదూత్ 350, 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చినవి. ఆర్‌ఎక్స్ 100 ఇంజను 98 సి.సి. మాత్రమే, దాని బలము 11 అశ్వశక్తి. ఆ బలములో గొట్టమునకు కూడ వాటా ఉన్నదని మనవారిలో ఎందరికి తెలియును?

మా ఇంటిలోనే తెలియలేదు. 1990ల దశకములో మా పినతండ్రి కుమారుడు ఆర్‌ఎక్స్ 100 కొన్నాడు. కొన్నాళ్ళకు ఎవరో మెకానికు మాట విని సైలెన్సరు చివరనున్న సన్న గొట్టమును పెరికించి పారవేసినాడు. చప్పుడు ఊరంతయు వినిపించెడిది. బండికి రెక్కలు వచ్చినవని వాడు మురిసినాడు. తరువాత చూడగా ఏమైనది? వెనుక పసుపు బస్తా వేసుకొని మెల్లగా మెరక ఎక్కవలసినపుడు ఇదివరకటి లాగుడు లేదు. ఎక్కువ చుట్లు తిప్పిననే గాని కదలదు. గొట్టము మారినపుడు కార్బురేటరు జెట్టు కూడ సరిచూడవలెనని ఎవరును చెప్పలేదు. ఇంజనులోనికి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయి లోపల వేడి పెరిగినది. వేసవి ఎండలో ఆర్మూరు నుండి వచ్చుచుండగా నడిబాటలో పిస్టను పట్టుకొని ఇంజను సీజయినది. వెనుక చక్రము ఒక్కసారిగా బిగుసుకొన్నది. వాడు బ్రతికి బయటపడుట మా అదృష్టము. బోరు చేయించుటకు అయిన ఖర్చు ఆ ఏటి పసుపు డబ్బులో నుండి పోయినది.

ఆ నష్టము కంటె మాకు ఎక్కువగా గుర్తున్న మాట ఒకటి ఉన్నది. బండి చెడిపోవుటకు కొద్ది వారముల ముందు ఒక రాత్రి పొరుగింటి పెద్దమ్మ వచ్చి మా తమ్మునితో, "పసిగుడ్డ ఇప్పుడే నిద్రవొయ్యింది బిడ్డా. నీ బండి సప్పుడుకు ఉలిక్కిపడి లేస్తున్నది. మూలకాడనే బంజేసి నడిపించుకుంట రారాదు?" అన్నది. కోపముతో అనలేదు, వేడుకొన్నట్లు అన్నది. వాడు సిగ్గుపడి నాలుగు దినములు అట్లే చేసినాడు, అయిదవనాడు మరచినాడు. ఆమె మరల రాలేదు. పొరుగువారు ఊరకున్నంత మాత్రమున వారికి బాధ లేదనుకొనరాదని మాకు ఆనాడు తెలిసినది.

ఇక నాలుగు స్ట్రోకుల బండి సంగతి. గొట్టములో పొగకు కొంత అడ్డు ఉండవలెను, లేనిచో ఇంజనుకు బలముండదు అని కొందరందురు. అడ్డు లేనిచో బలము పెరుగునని మరికొందరందురు. రెండు మాటలును సగము సగమే నిజము. ఇంజను కోరునది అడ్డు కాదు. వేళకు తిరిగివచ్చు తరంగము. గొట్టపు పొడవు, లావు, లోపలి గదులు ఆ వేళను నిర్ణయించును. కంపెనీవారు ఆ బండి సాధారణముగా తిరుగు వేగమునకు తగినట్లు వానిని అమర్చెదరు. లావైన ఖాళీ గొట్టము వేసినచో మిక్కిలి ఎక్కువ వేగమున కొద్దిగా లాభము కలిగినను కలుగవచ్చును. కాని మాక్లూర్ నుండి నిజామాబాదు గంజికి పోయివచ్చువాడు ఆ వేగమున ఎంతసేపు పోగలడు? నిత్యము అక్కరపడు తక్కువ వేగపు లాగుడునే అతడు పోగొట్టుకొనును.

దీనికి తోడు నేటి సైలెన్సరు శబ్దమును అణచు పాత్ర మాత్రమే కాదు. మన దేశములో ద్విచక్ర వాహనముల పొగ మీద 1990ల నుండి ఆంక్షలు ఒకదాని తరువాత ఒకటి బిగిసినవి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగినది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. ఈనాటి బండి గొట్టములో తేనెపట్టు వంటి ఒక దిమ్మె ఉండును. దానికి ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువైన లోహముల పూత ఉండును. విషవాయువైన కార్బన్ మోనాక్సైడును, మండక మిగిలిన పెట్రోలు ఆవిరిని అది నిరపాయములగు పదార్థములుగా మార్చును. గొట్టమునకే బిగించిన ఆక్సిజన్ సెన్సరు పొగను పరీక్షించి ఎంత పెట్రోలు చిమ్మవలెనో ఇంజను మెదడునకు తెలుపుచుండును. ఇట్టి గొట్టమును ఊడబెరికి ఖాళీ గొట్టము తగిలించుట, మనిషి ముక్కు కోసివేసి ఊపిరి బాగుగా ఆడునని సంతోషించుట వంటిది.

చట్టము మాటకు వత్తము. 1914లోను, 1939లోను మోటారు వాహనముల చట్టములు వచ్చినవి. ఇప్పుడు నడుచుచున్నది 1988 నాటి చట్టము. దాని క్రింద ఏర్పడిన 1989 కేంద్ర నియమములలో 120వ నియమము ప్రతి మోటారు వాహనమునకు సైలెన్సరు ఉండి తీరవలెనని చెప్పుచున్నది. తయారీ దశలో శబ్దమునకు పెట్టిన 2003 నాటి హద్దులు ఇవి: 80 సి.సి. వరకు 75 డెసిబెళ్ళు, 175 సి.సి. వరకు 77, ఆపై బండ్లకు 80. ఈ అంకెలను మామూలు కూడికలతో కొలువరాదు. 10 డెసిబెళ్ళు పెరిగినచో శబ్దశక్తి పదింతలగును. 20 పెరిగినచో నూరింతలు. 80కి బదులు 100 పలుకు బండి నూరు బండ్ల శక్తితో వీధిలో అరచుచున్నదన్న మాట. నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. ఆ బండి శబ్దము అందరికంటె దగ్గరగా వినువాడు దానిని నడుపువాడే. చెవిలోని సన్నని రోమకణములు ఒకసారి చచ్చినచో మరల మొలవవు.

2019లో చట్టమును సవరించి శిక్షలను పెంచినారు. శబ్దము, పొగల ప్రమాణములను మీరి బండి నడిపినచో మొదటి తప్పునకే మూడు నెలల వరకు ఖైదు గాని, 10,000 రూపాయల వరకు జుర్మానా గాని, రెండును గాని పడవచ్చును. దానితో పాటు మూడు నెలలు లైసెన్సు పోవును. చట్టవిరుద్ధముగా బండిని మార్పించిన యజమానికి వేరుగా శిక్ష కలదు. తయారీదారు ఇచ్చిన మూల రూపమునకు విరుద్ధముగా బండిని మార్చరాదని సుప్రీముకోర్టు కూడ ఆ యేటనే తీర్పు చెప్పినది. తెలంగాణ నగరములలో పోలీసువారు పట్టుకొన్న గొట్టములను బాట మీద వరుసగా పేర్చి రోడ్డు రోలరుతో నలిపించిన దృశ్యములు మనము చూచినవే. వేల రూపాయలు పోసి కొన్న ఉక్కు ఒక్క నిమిషములో అప్పడమగుచున్నది.

అయితే గొట్టము మార్చనే కూడదా? అట్లు మేమనము. తుప్పు పట్టినచో మార్చక తప్పదు. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు ఒక లీటరు నీరు పుట్టునని చాలమందికి తెలియదు. దూరము పోవు బండిలో అది ఆవిరియై పోవును. ఇంటి నుండి చేనికి, చేని నుండి ఇంటికి తిరుగు బండిలో గొట్టము పూర్తిగా వేడెక్కదు. నీరు లోపలనే నిలిచి తుప్పు లోపలినుండి తినును. అందుకే సైలెన్సరు అడుగున సన్నని చిల్లు పెట్టుదురు. అది పాడైన గుర్తు అనుకొని పూడ్పించువారున్నారు, అట్లు చేయరాదు. వారమునకొకసారియైనను బండిని కొంత దూరము నడిపించుట గొట్టమునకు మందు వంటిది.

మార్చదలచినవారు మొదట ఆ బండి కంపెనీ గొట్టమునే అడుగవలెను. బయటి గొట్టము తీసికొనదలచినచో నాలుగు సంగతులు చూడవలెను. మొదటిది, అది తమ బండి నమూనాకే చేసినదా, మన దేశపు అనుమతి పత్రము దానికి ఉన్నదా అనునది. విదేశపు గొట్టములపై వలయములో "ఇ" అక్షరము, ఒక అంకె ఉండవచ్చును. అది ఆ దేశముల పరీక్షలో నెగ్గినదను గుర్తు మాత్రమే, మన ఆర్.టి.ఓ. కార్యాలయములో అది చెల్లుబాటు కాదు. రెండవది, చివరి డబ్బాను మాత్రమే మార్చుచున్నారా, ఇంజను నుండి వచ్చు బెండు పైపుతో సహా మార్చుచున్నారా అనునది. బెండు పైపుతో పాటు సెన్సరు, పొగను శుద్ధిచేయు దిమ్మె పోవునేమో విచారింపవలెను. మూడవది లోహము. మామూలు ఉక్కు మీది నికెలు మెరుగు కొన్నాళ్ళకు రాలిపోవును. స్టెయిన్‌లెస్ ఉక్కు ఎక్కువ కాలము నిలుచును. టైటానియము తేలిక, కాని వెల హెచ్చు. నాలుగవది బిగింపు. ఇంజను దగ్గరనున్న గాస్కెట్టు క్రొత్తది వేయవలెను. అక్కడ గాలి చొరబడినచో వేగము తగ్గించునపుడు గొట్టము టపటప పేలును. ఆ పేలుడును బలమనుకొని మురియువారు కలరు. అది అమరికలోని లోపమే. వారంటీ, బీమా కాగితములను కూడ ముందుగా చదువుకొనుట మంచిది. తీసిన పాత గొట్టమును పాత ఇనుపవానికి ఈయక అటకమీద దాచుకొనవలెను.

ఈ మాటలన్నియు విన్న తరువాత మా పిల్లవాడు కొంతసేపు ఊరకున్నాడు. తరువాత, "అయితే చప్పుడు మీద సోకు తప్పా, కాకా?" అని అడిగినాడు. తప్పు కాదు. 2021లో బులెట్టు బండి పాట తెలంగాణలో పెండ్లి ఊరేగింపులన్నింట మారుమ్రోగినది. ఆ బండి గొంతు మీద మనవారికి ఎంత మక్కువయో అది చాటినది. మాకును ఆ దరువు ఇష్టమే. కాని ఆ దరువు కంపెనీవారి గొట్టములోనే ఉన్నది. సెకనుకు ఎనిమిది పేలుళ్ళను విడివిడిగా వినిపించునది ఇంజను నడకయే గాని గొట్టములోని చిల్లు కాదు. గొట్టము చెడగొట్టినచో దరువు పోయి రొద మిగులును.

పిల్లవాడు ఆ డబ్బుతో ముందర టైర్లు మార్పించినాడు; మంచి హెల్మెట్టు కొన్నాడు. గొట్టము సంగతి మరల ఆలోచింతునన్నాడు. మేము బలవంతపెట్టలేదు. మొన్న రాత్రి వార్తల వేళకు వాని బండి మా వాకిటి ముందు నుండి పోయినది. డుగుడుగుమని వినబడినది, వార్తలు చదువు వారి మాట కూడ వినబడినది. ఇక సెలవు.